నిర్మల్ సీమలో సంపర్క భాష: ఎవరు ఎవరి భాష నేర్చుకున్నారు?

గోదావరిని సోన్ వద్ద దాటి ఉత్తరంగా సాగే పాత నాగపూరు బాట నిర్మల్ మీదుగా పోయి, మహబూబ్ ఘాట్ ఎక్కి గోండుల సీమలో ప్రవేశిస్తుంది. ఈ బాటకు అటూ ఇటూ ఒకటి రెండు రోజుల నడక దూరంలో అయిదు భాషలు వినిపించేవి. నది ఒడ్డు పల్లెల్లో తెలుగు, పడమట ముధోల్, భైంసాల దిక్కున మరాఠీ, ఘాటు మీది గూడేల్లో గోండీ, కొలామీ, నిర్మల్ కోట చుట్టూ ఉన్న వాడల్లో దక్కనీ. ఈ అయిదింటిలో మూడు ద్రావిడ భాషలు, రెండు ఆర్యభాషలు. ఇన్ని భాషలవారు ఒకే అంగడిలో ఉప్పు, జొన్నలు, ఇప్పపువ్వు, ఎడ్లు కొని అమ్ముకున్నారు. ఒకే తహసీలుకు శిస్తు కట్టారు. ఒకే జాతరలో మొక్కులు చెల్లించారు.

వీరి మధ్య మాట ఎట్లా నడిచింది? తెలుగు సాహిత్య పరిశోధనలో ఈ ప్రశ్నకు తరచు కనిపించే సమాధానం ఒక పదపట్టిక. తెలంగాణ తెలుగులో చేరిన ఉర్దూ మాటలను ఏరి, దవాఖాన, సడక్, జాగ, పరేషాన్ అంటూ వరుస కట్టి, మూలార్థాలు చూపి, సంఖ్య లెక్కవేసి ముగించడం పరిపాటి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడిన తరువాత పదసేకరణకు ఒక శాస్త్రీయ పద్ధతి ఏర్పడిన మాట నిజం. కాని పద్ధతిని వదలి పట్టికను మాత్రమే అనుకరించిన రచనలే తరువాత ఎక్కువయ్యాయి. పట్టిక చెప్పేది భాషలోకి ఏ మాట వచ్చిందని మాత్రమే. ఆ మాటను తెచ్చుకోవలసిన అగత్యం ఎవరికి కలిగిందో, ఎవరికి కలగలేదో అది చెప్పదు. పైగా ఇటువంటి పట్టికలే తెలంగాణ తెలుగు ‘సంకర భాష’ అన్న చిన్నచూపుకు సాక్ష్యంగా చాలాకాలం ఉపయోగపడ్డాయి.

సంకరం అన్న మాటను నిందగా కాక శాస్త్రార్థంలో తీసుకుంటే ప్రశ్న మరింత ఆసక్తికరమవుతుంది. అనేక భాషల కూడలిలో నిజంగానే కొత్త మిశ్రమ భాషలు పుట్టిన చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. నిర్మల్ సీమలో అటువంటిది ఎందుకు పుట్టలేదు? పుట్టకపోవడం వల్ల కలిగిన భారం ఎవరు మోశారు? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు విషయాలను.

మలయు చూపిన దారి

పోలికకు మలయు భాష చరిత్ర అనుకూలంగా ఉంటుంది. 15వ శతాబ్దిలో మలక్కా రేవు వర్ధిల్లినప్పుడు అరబ్బులు, గుజరాతీలు, చీనీయులు, చోళమండల తీరపు వర్తకులు అక్కడ కలుసుకునేవారు. వారందరి బేరసారాలకు మలయు వారధి అయింది. అయితే అది ఆస్థాన కవుల మలయు కాదు, ప్రత్యయాలు చాలావరకు రాలిపోయిన బజారు మలయు. ‘నా ఇల్లు’ అనడానికి ‘సాయ పుఞ రూమహ్’, అంటే ‘నేను కలిగి ఇల్లు’ అన్న తీరులో, ఒక్కొక్క ముక్క పక్కపక్కన పేర్చి చెప్పే సులభ వ్యవహారం అది. ఎవరికీ మాతృభాష కాకుండా అవసరం మేరకే నిలిచే ఇటువంటి వ్యవహారాన్ని భాషాశాస్త్రం పిజిన్ అంటుంది. అదే ఒక తరం పిల్లలకు ఇంటి భాషగా మారి, సంపూర్ణ వ్యాకరణం సంతరించుకుంటే క్రియోల్ అవుతుంది.

ఆ మార్పు ఎక్కడ జరిగిందో గమనించాలి. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1619లో బటావియా పట్టణాన్ని, అంటే నేటి జకార్తాను, స్థాపించిన తరువాత బాలి, సులవేసి దీవుల నుంచి బానిసలను అక్కడికి తరలించింది. చోళమండల తీరపు డచ్చి స్థావరాల నుంచి, మచిలీపట్నం వైపు నుంచి కూడా కరువు కాలాల్లో అమ్ముడుపోయిన మనుషులు అదే ఓడల్లో వెళ్ళారు. వీరి పిల్లలకు తల్లి భాష ఒకటి, తండ్రి భాష మరొకటి, యజమాని భాష ఇంకొకటి. వారికి మిగిలింది బజారు మలయు. దాని నుంచే బెతావి మలయు రూపొందింది. లవంగాల దీవి అంబోన్‌లో, మలక్కాలోని చీనీ వర్తకుల సంతతి అయిన బాబాల ఇళ్ళలో ఇదే తీరున వేర్వేరు మలయు రూపాలు ఏర్పడ్డాయి. మలక్కాలోని చిట్టీలు దక్షిణభారత వర్తకుల సంతతి. శివుణ్ణీ మారియమ్మనూ కొలిచే ఈ సముదాయానికి ఇంటి భాష మలయు. దేవతలు నిలిచారు, భాష నిలవలేదు. వీటన్నిటినీ క్రియోల్ అనవచ్చా అన్న విషయంలో భాషాశాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు గాని, ఇవి ఏర్పడిన పరిస్థితి మాత్రం ఒక్కటే. పుట్టిన నేల నుంచి, బంధువర్గం నుంచి పెకలించబడిన మనుషులు కొత్త చోట ఇల్లు కట్టుకోవలసి రావడమే ఆ పరిస్థితి.

శ్రీలంక మలయు మరొక పాఠం చెబుతుంది. 17వ శతాబ్ది నుంచి డచ్చివారు సిపాయిలుగా, ప్రవాస ఖైదీలుగా సింహళానికి తెచ్చిన వారి భాష తమిళ, సింహళాల మధ్య నలిగి, పదాలు మలయువిగానే ఉండగా వాక్యక్రమాన్ని మార్చుకుంది. క్రియ వాక్యం చివరికి చేరింది. నామం ముందు నిలిచే విభక్తి మాటలు నామం తరువాత అంటే ప్రత్యయాలయ్యాయి. మాటలు ఒక కుటుంబానివి, కూర్పు మరొక కుటుంబానిది. ఈ సంగతి నిర్మల్‌కు తిరిగి వచ్చినప్పుడు పనికివస్తుంది.

దక్కనీ అంగడికి చేరడం

నిర్మల్ సీమలో బజారు మలయుకు దగ్గరగా వచ్చే వ్యవహారం దక్కనీ. పుట్టుకలో దానికి బటావియా కథతో కొంత పోలిక ఉంది. 1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ జనాన్ని దౌలతాబాదుకు తరలించడం, 1347లో బహమనీ రాజ్యం స్వతంత్రం కావడం, ఆ తరువాత ఉత్తరాదితో రాకపోకలు సన్నగిల్లడం వల్ల ఢిల్లీ పరిసరాల పలుకుబడి దక్కనులో వేరుపడి స్థిరపడింది. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా (1580–1612) దానిలో కవిత్వం చెప్పాడు. 1635లో ముల్లా వజ్‌హీ ‘సబ్‌రస్’ అనే వచన గ్రంథం రచించాడు. అంటే అంగళ్ళలో వారధిగా పనిచేసిన దక్కనీకి పక్కనే ఒక ఆస్థాన సాహిత్యం, స్థిరపడ్డ వ్యాకరణం ఉన్నాయి. అది కొందరికి మాతృభాష కూడా. కాబట్టి దక్కనీని పిజిన్ అనడం కుదరదు. ఇతరులు దాన్ని వాడుకున్న తీరులో మాత్రం పిజిన్ లక్షణాలు ఉండేవి.

ఆ అవసరం ఎంత పాతదో చెప్పడానికి ఉక్కు వ్యాపారం ఒక్కటి చాలు. గోదావరికి దక్షిణాన నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం, ఉత్తరాన నిర్మల్ పరిసరాలు మూసలలో కరిగించే ఉక్కుకు పేరుపొందాయి. ఆ ముద్దలు పారశీక దేశానికి ఎగుమతి అయ్యేవి. 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఈ ప్రాంతాన్ని పరిశీలించిన హెచ్. డబ్ల్యు. వోయ్‌సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. సరుకు కొనడానికి ఇరాన్ నుంచి వ్యాపారులు కోనసముద్రానికే వచ్చేవారని దానివల్ల తెలుస్తుంది. కొలిమి దగ్గర తెలుగు పలికే కమ్మరి, ఎదుట పారశీకం పలికే కొనుగోలుదారు. వీరిద్దరి బేరం మూడో భాషలోనో, మూడో మనిషి నోటనో తెగవలసిందే.

నిర్మల్ కొయ్యబొమ్మల పరిభాషలోనూ ఈ కూడలి కనిపిస్తుంది. బొమ్మ చెక్కే కొయ్య పేరు పొనికి. అతుకు వేసేది చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. అడవి నుంచి, ఇంటి పెరడు నుంచి వచ్చిన వీటి పేర్లు తెలుగువి. పనిచేసే వారి పేరు మాత్రం నకాషీ, అంటే చిత్రించడమన్న అర్థమున్న అరబీ మాట పారశీకం మీదుగా వచ్చి స్థిరపడింది. ముడిసరుకుకు స్థానికుల మాట, పనిని కొనే దర్బారుకు దర్బారు మాట. పదపట్టికలో ‘నకాషీ’ ఒక్కటే నమోదవుతుంది. పక్కనే పొనికి కూడా ఉన్నదని గుర్తుంచుకుంటే తప్ప సంబంధం అర్థం కాదు.

ఇక 1860 నాటి సంఘటన. 1857 తిరుగుబాటు అణగారిన తరువాత కూడా నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు నాయకత్వాన పోరాటం సాగింది. గోండులతోపాటు రోహిల్లాలు, దక్కనీలు, మరాఠాలు అందులో చేరారు. రాంజీని పట్టుకుని, ఆయనతోపాటు వెయ్యిమందిని ఊరి శివారులోని మర్రిచెట్టుకు ఉరితీశారని స్థానికులు చెప్పుకుంటారు. ‘వెయ్యి ఉరుల మర్రి’ అన్న పేరు ఆ స్మృతిని నిలిపింది. ఈ ఘట్టాన్ని చరిత్రకారులు దేశభక్తి దృష్టితో చూశారు. భాషాదృష్టితో చూస్తే మరొక సంగతి తోస్తుంది. ఉత్తరాది నుంచి కూలి సిపాయిలుగా వచ్చిన రోహిల్లాలకు గోండీ తెలిసే అవకాశం తక్కువ. ఘాటు మీది గోండులకు పుష్తో సంగతి చెప్పనవసరం లేదు. సంకేతాలు, దారులు, తిండిగింజల ఏర్పాటు, పహరా మార్పు ఇవన్నీ మాటతో జరిగే పనులు. ఆ మాట దక్కనీయే అయి ఉండాలి. అంగడిలో నేర్చిన భాష అడవిలో తిరుగుబాటుకు అక్కరకు వచ్చిందన్నమాట.

కింది మెట్టున ఎక్కువ భాషలు

ఇంత అవసరం ఉండి కూడా దక్కనీ ఎవరి ఇంటి భాషనూ తొలగించలేదు. గోండుకు గోండీ, కొలాముకు కొలామీ, నది ఒడ్డు రైతుకు తెలుగు నిలిచాయి. కారణం బటావియాలో లేనిది ఇక్కడ ఉండడమే. మనుషులు తమ గూడెంలో, తమ దేవర దగ్గర, తమ పాడి బంధువర్గం నడుమ ఉండిపోయారు. మెస్రం, ఆత్రం, సిడాం, పెందూరు, కుమ్రం వంటి ఇంటిపేర్లు ఎవరు ఎవరితో వియ్యమందవచ్చో నిర్ణయించేవి. ఇంటి భాష ఆ నిర్ణయంలో భాగం. పుష్య అమావాస్యనాడు కేస్లాపూర్‌లో నాగోబాకు మెస్రం వంశీయులు పూజ చేసేటప్పుడు చెప్పవలసిన మాటలు అంగడి భాషలో చెప్పడం కుదరదు.

దానికి ప్రతిగా జరిగినది బహుభాషితనం. ఇది సమానంగా పంచబడలేదు. కొలాములను తెలుగువారు మన్నెవార్లన్నారు. వారు తమను తాము కోలావర్ అని చెప్పుకుంటారు. ఆ కొండల్లో అందరికన్న ముందునుంచి ఉన్నవారిగా గోండులు కూడా వారిని గౌరవించి, నేల దేవతల పూజకు వారినే పిలిచేవారు. కొలాముకు ఇంట కొలామీ, పొరుగు గూడెంలో గోండీ, అంగడిలో తావును బట్టి మరాఠీ లేదా తెలుగు, గిర్దావరు ఎదుట నాలుగు దక్కనీ ముక్కలు కావాలి. గోండుకు గోండీతోపాటు రెండు. సావుకారికి తన భాష, దానిమీద దక్కనీ. తహసీల్దారుకు ఉర్దూ ఒక్కటే చాలు. కింది మెట్టున ఉన్నవానికి నాలుగు భాషలు, పై మెట్టున ఉన్నవానికి ఒకటి. చదువుకున్నవాడు పై మెట్టువాడేనని లెక్క. బహుభాషితనాన్ని భారతీయ సామరస్యానికి గుర్తుగా కొనియాడే వ్యాసాలు చాలా ఉన్నాయి. ఈ మెట్ల వరుసను చూసిన తరువాత ఆ కొనియాడడం అంత సులభం కాదు.

వరుసకు ఒదగని సముదాయం ఒకటుంది. గోండుల వంశగాథలను కిక్రి వాయిస్తూ గానం చేసే పర్ధాన్లకు ఆదిలాబాదు ప్రాంతంలో ఇంటి భాష మరాఠీ. గోండులు వారిని పాటాడి అంటారు. గోండుల పుట్టుక కథ, పహండి కుపార్ లింగో గాథ, వంశ దేవతల చరిత్ర వీరి నోటనే తరతరాలుగా నిలిచాయి. ఒక జాతి పురాణాన్ని ఆ జాతి భాషలో కాపాడేవారి ఇంట్లో ఆ భాష లేదు. సాహిత్య విద్యార్థికి ఇది సాధారణ విషయంగా తోచరాదు. మౌఖిక సాహిత్యానికి మాతృభాషే ఆధారమన్న సూత్రం ఇక్కడ నిలవదు. వృత్తిభాష, ఇంటి భాష వేరైనప్పటికీ పాట చెక్కుచెదరకుండా నిలవగలదని పర్ధాన్లు చూపారు. తోటివారు మాత్రం ఇదే వృత్తిలో ఉంటూ ఇంట గోండీయే పలుకుతారు. నాయకపోడులలో అధికులు తెలుగుకు మారారు.

మాట వేరు, కూర్పు ఒకటి

కొత్త భాష పుట్టలేదంటే భాషలు ఒకదానినొకటి తాకలేదని కాదు. కలయిక పదాల్లో కన్నా లోతుగా, వాక్యంలో జరిగింది. 1956లో ఎం. బి. ఎమెనో భారతదేశాన్ని ఒక భాషామండలంగా ప్రతిపాదించినప్పుడు, వేర్వేరు కుటుంబాల భాషలు పొరుగున బతికితే నిర్మాణం పంచుకుంటాయని వాదించాడు. కొలామీ మీద ఆయన గ్రంథం అంతకు ముందటి ఏడాది, 1955లో వచ్చింది. అంటే ఆ సిద్ధాంతానికి ముందు ఆయన బల్ల మీద ఉన్నది ఈ కొండల భాషే. పి. సేతుమాధవరావు కొలామీ వ్యాకరణం 1950లో హైదరాబాదులో వెలువడింది. పి. ఎస్. సుబ్రహ్మణ్యం 1968లో ఆదిలాబాదు గోండీకి వర్ణనాత్మక వ్యాకరణం రచించారు. ఇంత మంచి పునాది ఉన్న ప్రాంతం తెలంగాణలో మరొకటి లేదు.

సిద్ధాంతం కన్నా ఒక వాక్యం ఎక్కువ చెబుతుంది. ‘రేపు వస్తనని చెప్పిండు’ అన్న ఉత్తర తెలంగాణ తెలుగు వాక్యం తీసుకుందాం. మరాఠీలో అది ‘ఉద్యా యేతో మ్హణూన్ సాంగితలం’. దక్కనీలో ‘కల్ ఆతూఁ బోల్‌కే బోల్యా’. రేపు, వస్తాను, అని, చెప్పాడు అన్న నాలుగు మెట్లు మూడింటిలోనూ అదే వరుసలో ఉన్నాయి. ఢిల్లీ ఉర్దూలో ఈ వాక్యం ‘ఉస్‌నే కహా కి’ అని మొదలవుతుంది. చెప్పాడన్నది ముందు, చెప్పిన మాట తరువాత. దక్కనీ ఆ ‘కి’ని పక్కకు నెట్టి, తెలుగు ‘అని’కి సరిగ్గా సరిపోయే ‘బోల్‌కే’ను కల్పించుకుంది. అనడమన్న ధాతువు నుంచే తెలుగు ‘అని’, మరాఠీ ‘మ్హణూన్’, దక్కనీ ‘బోల్‌కే’ మూడూ పుట్టాయి. గోండీలో ‘ఇన్’, కొలామీలో ‘ఎన్’ ఆ అర్థంలోనివే. ఢిల్లీ ఉర్దూలో కర్తకు తగిలే ‘నే’ కూడా దక్కనీలో సాధారణంగా జారిపోయింది.

అట్లే ‘వచ్చిన మనిషి’ అన్నదానికి దక్కనీ ‘ఆయా సో ఆద్మీ’ అంటుంది. క్రియ నామానికి ముందు విశేషణమై నిలవడం తెలుగు తీరు. ‘మేము, మనం’ అన్న భేదం మరాఠీ ‘ఆమ్హీ, ఆపణ్’లలో ఉంది. దక్కనీ ‘హమ్, అపన్’లలో వచ్చి చేరింది. మరాఠీ వైపు నుంచి ‘నకో’ దక్కనీ ‘నక్కో’ అయింది. నొక్కి చెప్పే ‘ఛ్’ ప్రత్యయం ‘ఇచ్’గా మారింది. కొలామీలో నాలుగు దాకా సొంత సంఖ్యలు, అయిదు నుంచి పది దాకా తెలుగు నుంచి తీసుకున్నవి. చేతిలోని నాలుగు వేళ్ళ మేర ఇంటి లెక్క, అది దాటితే అంగడి లెక్క!

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కుప్‌వాడ్ గ్రామంలో కన్నడం, మరాఠీ, ఉర్దూ, కొంతమేర తెలుగు పలికే సముదాయాలను పరిశీలించి జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో ప్రచురించిన అధ్యయనం ఈ స్థితికి ఒక వివరణ ఇచ్చింది. అక్కడ పదాలు ఏ కులానికి ఆ కులానికే మిగిలి, వాక్య నిర్మాణం మాత్రం అన్ని భాషల్లోనూ ఒక అచ్చులోకి వచ్చింది. ఒక భాషలోని వాక్యంలో మాటకు మాట మార్చితే మరొక భాష వాక్యం అవుతుంది. పదం సముదాయానికి గుర్తు కాబట్టి దాన్ని కాపాడుకున్నారు. వాక్యక్రమం ఎవరి కంటికీ కనబడదు కాబట్టి దాన్ని వదులుకున్నారు. ఆ వ్యాసం పిజిన్, క్రియోల్ భాషల మీద డెల్ హైమ్స్ సంపాదకత్వంలో వచ్చిన సంపుటిలో చోటు చేసుకోవడం గమనార్హం. నిర్మల్ సీమలో జరిగినది కుప్‌వాడ్ కథే అని చెప్పదగినంత పోలిక పై వాక్యాల్లో ఉంది. శ్రీలంక మలయులోనూ కూర్పు మారింది, పదాలు నిలిచాయి. తేడా ఏమంటే అక్కడ మారింది వలస వచ్చిన భాష ఒక్కటే. ఇక్కడ దక్కనీ, మరాఠీ రెండూ ద్రావిడ వాక్యపు తీరుకు దగ్గరయ్యాయి.

ఈ రెంటికీ మధ్యస్థంగా నిలిచే ఉదాహరణలు తెలుగు నేల అంచుల్లోనే ఉన్నాయి. అరకు ప్రాంతంలో అనేక గిరిజన సముదాయాల మధ్య ఆదివాసీ ఒడియా వారధిగా నడుస్తుంది. గోదావరికి ఆవల బస్తరులో ఒడియా, మరాఠీ, ఛత్తీస్‌గఢీ లక్షణాలు కలిసిన హల్బీ అదే పని చేసింది. కొందరికి మాతృభాష, మరికొందరికి సంపర్క భాష. ఆదిలాబాదు కొండల్లో అటువంటి గిరిజన సంపర్క భాష ఏర్పడకపోవడానికి గోండుల సంఖ్యాధిక్యం ఒక కారణం కావచ్చు. కొండ మీద వారి భాషే చాలినప్పుడు కొత్తది అక్కరలేదు. కొండ దిగినప్పుడే చిక్కు.

కాగితం మీది భాష

నోటి భాషతో సరిపెట్టుకున్నంతకాలం చిక్కు చిన్నది. హైదరాబాదు రాజ్యంలో 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. ఇది ప్రజలకు దగ్గరైన మార్పు అని చెబుతారు, పట్టణాల మేరకు అది నిజం. అంగడిలో నాలుగు ముక్కలు దక్కనీ తెలిసిన గోండుకు పట్టా మీది ఉర్దూ రాతలో ఒక్క అక్షరం అర్థం కాదు. దక్కనీ, ఉర్దూ నోటికి సోదరులు, కంటికి అపరిచితులు. పోడు నేలలు రిజర్వు అడవి కింద చేరడం, 1929లో కాజీపేట–బల్హార్షా రైలు మార్గం పూర్తయి ఢిల్లీ–మద్రాసు దారి కలిసిన తరువాత మైదానాల నుంచి వలసలు పెరగడం, పట్టా ఎవరి పేర రాయించుకుంటే నేల వారిదైపోవడం, ఇవన్నీ కాగితం మీద జరిగాయి. కాగితం చదవగలిగినవాడు పట్వారీ. పట్వారీ మాట వినగలిగినవాడు సావుకారి.

1940లో జోడెన్‌ఘాట్‌లో కుమ్రం భీం మరణంతో ముగిసిన పోరాటం ఈ నేపథ్యంలోనిది. ఆయన పేర నిలిచిన ‘జల్, జంగల్, జమీన్’ నినాదాన్ని అందరూ ఉదాహరిస్తారు. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా గోండీ కాదు. గోండీలో నీటిని ‘ఏర్’ అంటారు. నినాదం తనవారికోసమే అయితే తన భాషలో ఉంటుంది. ఇది ఎదుటివానికి, ప్రభుత్వానికి వినిపించవలసినది కనుక ఎదుటివాని భాషలో ఉంది. అడగవలసినవాడే భాష మార్చుకోవాలన్న నియమం తిరుగుబాటులో కూడా తప్పలేదు.

ఆ పోరాటం తరువాత నిజాం ప్రభుత్వ ప్రోత్సాహంతో పరిశోధనకు వచ్చిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండీ నేర్చుకున్నాడు. మెట్ల వరుసలో పై నుంచి కిందికి దిగి భాష నేర్చుకున్న అరుదైన ఉదాహరణ ఇది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. సేతుమాధవరావు కృషి దీనికి తోడైంది. మరాఠీ పరిచయం ఉన్న గోండు యువకులకు, మధ్యపరగణాల గోండులతో సంబంధానికి దేవనాగరి అనువైనదే. ఆనాటికి అది వివేకవంతమైన ఎంపిక. అయితే 1956 రాష్ట్రాల పునర్విభజనలో ఆదిలాబాదు జిల్లా నుంచి రాజురా, కిన్వట్ ప్రాంతాలు మరాఠీ వైపు వెళ్ళాయి. మిగిలినది ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. ఒకే వంశపు గోండులు రెండు రాష్ట్రాల్లో, రెండు బడి భాషల్లో పడ్డారు. పన్నెండేళ్ళ క్రితం దేవనాగరిలో అక్షరాలు దిద్దినవాడు తెలుగు కచేరీలో మళ్ళీ నిరక్షరాస్యుడయ్యాడు. ఉర్దూ పోయి తెలుగు వచ్చినందుకు మైదానపు తెలుగువారు సంతోషించడం సహజం. కొండ మీద మారింది అడ్డంకి కాదు, అడ్డంకి పేరు.

ఈ శతాబ్దిలో నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండీ రాతప్రతులు వెలుగు చూడడం, హైదరాబాదు విశ్వవిద్యాలయంతో సంబంధమున్న పరిశోధకులు, ముఖ్యంగా జయధీర్ తిరుమలరావు, ఆ లిపిని అధ్యయనానికి తేవడం, 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో స్థానం దక్కడం ఈ చరిత్రలో కొత్త మలుపులు. గోండీకి ఎన్నడూ రాత లేదన్న మాటను ఇక తిరిగి రాయక తప్పదు. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండీ మాతృభాషగా చెప్పినవారు సుమారు 29.8 లక్షలు, కొలామీ సుమారు 1.28 లక్షలు. పలు రాష్ట్రాల్లో విడిపోయిన గోండులకు ఒక్క లిపి కుదరడం సంఖ్య మీద ఆధారపడదు. ఏ బడిలో ఏ వాచకం ఉంటుందన్నదాని మీద ఆధారపడుతుంది.

నిర్మల్ అంగడిలో నేడు దక్కనీ వహించిన పనిలో పెద్ద భాగం తెలుగుకు చేరింది. గూడెం పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారు. గోండీ నేర్చుకున్న సావుకారి, కొలామీ తెలిసిన అధికారి మాత్రం మునుపటివలెనే అరుదు. కేస్లాపూర్ జాతరలో, హైమండార్ఫ్ కాలంలో మొదలైన దర్బారు నేటికీ జరుగుతుంది. ఆ రాత్రి పర్ధాను కిక్రి మీద గోండీలో వంశగాథ పాడుతాడు, ఇంటివారితో మరాఠీలో మాట్లాడుతాడు, మరునాడు దర్బారులో అధికారుల ముందు నిలబడితే తన అర్జీ తెలుగులో చెప్పుకుంటాడు.